ఒక్క చెరువుకి ఊరంత ఐసు

మండుటెండలో చేపల చెరువు గట్టు మీద ఐసు లారీల ట్రాఫిక్ జామ్ మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. చూడడమేమిటి, ఆ ఘనకార్యం నాదే. చిత్తగించండి.

అందరి చేతుల్లోనూ బటన్ల ఫోన్లే ఉన్న రోజులు. తాడేపల్లిగూడెంలో ఎంసీఏ చదివి, ఏలూరులో రహీం గారి చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాను. నా అంత ప్రోగ్రామరు భూప్రపంచంలో లేదని నా గట్టి నమ్మకం. చేపల రైతుల కోసం ఓ వెబ్‌సైటు తయారుచేశాం. చెరువులో చేపల పట్టుబడి ఎప్పుడో రైతు చెబితే చాలు, ఆ రైతుకో ఎస్ఎంఎస్, ఐసు లారీ డ్రైవరుకో ఎస్ఎంఎస్ వెళ్లిపోతాయి. వాటిని పంపేది మేం కాదు, హైదరాబాదులో ఓ కంపెనీ. మా కోడు ఇంటర్నెట్లో వాళ్ల అడ్రసుకి కబురు పెట్టాలి, అంతే.

"ఆ కబురు పెట్టే కోడు ఒక్కచోటే రాయండమ్మా. ఏ పేజీకి అవసరమైనా అక్కడికే వెళ్లి అడుగుతుంది," అన్నారు రహీం గారు.

"దానికంత ఆలోచనెందుకండీ? కాపీ కొట్టి ప్రతి పేజీలోనూ పెట్టేస్తే సరి!"

పెట్టేశాను కూడా, పెళ్లి భోజనాల్లో ప్రతి విస్తట్లోనూ నెయ్యి వడ్డించినట్టు.

కొన్నాళ్లకి ఆ కంపెనీ అడ్రసు మార్చింది. గుర్తున్న పేజీలన్నీ సరిచేశాను. లారీ డ్రైవరుకి కబురు పెట్టే పేజీ ఒక్కటి మాత్రం గుర్తు రాలేదు. పైగా అవతల నుంచి జవాబు వచ్చిందో లేదో చూడకుండానే "పంపించాం" అని చూపించే తెలివి దానికి నేర్పింది కూడా నేనే. ఆ మాట నమ్మి, లారీ బయల్దేరిందని రైతుకి ఎస్ఎంఎస్ వెళ్లిపోతుంది.

మర్నాడు పొద్దున్నే సత్యవతి గారి ఫోను. గణపవరం దగ్గర చెరువు కౌలుకి తీసుకుని, మొదటిసారి పట్టుబడి చేస్తున్నావిడ.

"ఏవండీ, లారీ బయల్దేరిందని మెసేజొస్తే వల లాగించేశానండీ. చేపలన్నీ గట్టు మీదున్నాయి. లారీ ఏదండీ? ఎండెక్కితే నా ఏడాది కష్టం కుళ్లిపోద్దండీ!"

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. డ్రైవరుకి ఫోన్ చేశాను.

"మెసేజా? ఏం మెసేజండీ?" అన్నాడు నింపాదిగా. "నేను చింతలపూడిలో ఇడ్లీ తింటున్నానండీ."

ఇక చూడండి నా చురుకు. ఏలూరులో ఐసు ఫ్యాక్టరీకి ఫోన్ చేశాను. తాడేపల్లిగూడెంలో మా తమ్ముడికి చెబితే వాడు అక్కడి ఫ్యాక్టరీకి పరిగెత్తాడు. రహీం గారు వాళ్ల బావమరిదిని పురమాయించారు. సత్యవతి గారు ముదినేపల్లిలో అన్నగారికి చెప్పుకున్నారు. ఎవరు ఎవర్ని పిలిచారో ఎవరికీ తెలియదు.

రహీం గారూ నేనూ ఆటోలో వెళ్లేసరికి గట్టు పొడవునా ఐసు లారీలే! ఒకటే హారన్లు! ఒక్కదానికీ వెనక్కి తిరిగే చోటు లేదు.

"ఇంత ఐసేంటండీ? నా బొచ్చె చేపలకి జలుబు చేసేలా ఉంది!" కళ్లు తుడుచుకుంటూనే నవ్వేశారు సత్యవతి గారు. ఆవిడ నవ్వాక గానీ నాకు ఊపిరాడలేదు.

రహీం గారు లారీల వంక చూసి తల పట్టుకున్నారు. "మనమూ మీ కోడులాగే చేశామమ్మా. ఎవరి కబురు వాళ్లమే పెట్టేశాం."

ఇంతలో పక్క చెరువుల రైతులు వచ్చారు. "ఐసు ఎలాగూ వచ్చింది కదండీ, మేమూ వల వేసేస్తాం," అన్నారు. సాయంత్రానికి అన్ని లారీలూ చేపలతోనే కదిలాయి. ఆ రైతులంతా మా వెబ్‌సైటులో చేరారు. నేను ఆఫీసుకి వెళ్లి, కబురు పెట్టే కోడంతా ఒక్కచోటికి చేర్చాను.

ఆ రోజే కొల్లేరు సరస్సు సాక్షిగా, గట్టు మీద కరిగిన ఐసు సాక్షిగా శపథం పట్టాను: ఈ జన్మలో నా దగ్గర నుంచి బయటికి వెళ్లే కబురు ఏదైనా ఒక్కచోటు నుంచే వెళ్తుంది! ఇంత గొప్ప శపథం అందరికీ తెలియొద్దూ? అందుకే అమ్మకీ, తమ్ముడికీ, సత్యవతి గారికీ విడివిడిగా ఫోన్ చేసి చెప్పాను. అమ్మకైతే రెండుసార్లు.