మెస్ చాచా ఒక్కపొద్దులు

మా మెస్ చాచా పోయాడు. శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు ముగించి చాప మడుస్తుంటే లినెన్ రూమ్‌లో ఫోను మోగింది. ఖోర్ ఫక్కాన్ నుంచి ఎవరో తెలుగాయన. ఫోనెత్తింది నేనేనా అని ముందు అడిగి, ఆ తర్వాత చెప్పాడు. తెల్లవారుజామున నిద్రలోనే పోయాడట. జుమ్మా తర్వాత జనాజా నమాజు చదివి అక్కడే మట్టి ఇచ్చేశారట. "ఇన్నా లిల్లాహి" అనుకుని ఫోను పెట్టేశాను. ఇస్త్రీ బల్ల మీద టేబుల్ క్లాత్ ఇంకా వేడిగా ఉంది. దాన్ని మడిచి అరలో పెట్టాను. ఆ పూట నాకు చేతనైంది అదే.

ఇది చదివేవాళ్ళలో ఆయన చేతి అన్నం తిన్నవాళ్ళు కొందరైనా ఉంటారు. తినని వాళ్ళ కోసం చెబుతాను. దుబాయ్‌లో డేరా అనే పేటలో, క్రీక్‌కి రెండు సందుల ఇవతల ఉన్న మా హోటల్లో పనివాళ్ళకు వండిపెట్టే మెస్సు ఆయనది. నెల్లూరు వైపు మనిషి. మాకంటే ముందు వచ్చి, మా అందరికంటే ముందు ముసలివాడైనవాడు. మలబారు వాళ్ళు, పాకిస్తాన్ వాళ్ళు, మనవాళ్ళు, అందరికీ ఆయన చాచానే. పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు.

నేను కడప వైపు నుంచి వచ్చాను. మా నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆయన పోయాక నా తర్వాత నలుగురు తోబుట్టువులు ఉన్నారు, నా చేతిలో సూది ఉంది. ఆ సూదిని చూసే హోటల్ వాళ్ళు లినెన్ రూమ్‌లోకి తీసుకున్నారు. చినిగిన దుప్పట్లు కుట్టడం, న్యాప్‌కిన్లు ఇస్త్రీ చేయడం నా పని. బేసిక్ తక్కువ. గది వాళ్ళది, యూనిఫారం వాళ్ళది, రెండేళ్ళకొకసారి ఊరికి టికెట్టు వాళ్ళది, డ్యూటీలో ఉన్నంతసేపూ భోజనం వాళ్ళది. ఏజెంటు ఇవన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి, జీతమంటే ఇదంతా కలిపి అని చెప్పాడు. బయట బల్లల దగ్గర తిరిగే వెయిటర్లకు టిప్స్ వస్తాయి. మూతి తుడుచుకున్న గుడ్డను ఎవరు ఉతికారో ఏ అతిథీ అడగడు కాబట్టి మాకు రావు. దాని గురించి నాకు బాధ లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

మొదటిరోజు మెస్సులో పళ్ళెం పట్టుకుని గోడవారన నిలబడి తింటున్నాను. చాచా గరిటె పట్టుకునే వచ్చాడు.

"ఏందమ్మే, నిలబడి తింటుండావు? బస్సు పోతాందా?"

"అలవాటు చాచా. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినేదాన్ని."

"ఇది ఇల్లు గాదు. ఈ అన్నం నీ జీతం. జీతం కూర్చోని తీసుకోవాల."

భుజం మీది తువ్వాలుతో బల్ల తుడిచాడు. నేను కూర్చునేదాకా కదల్లేదు. ఆ తర్వాత కూడా ఎవరు నిలబడి తిన్నా ఆయన గరిటె కదిలేది కాదు. హోటల్ బఫేలో మిగిలినవి మాకు పెట్టమని ఒకసారి పైనుంచి మాట వచ్చిందట. "మిగిలింది పెడితే అది జీతమెట్టా అవుతాది?" అని వేరే పొయ్యి వెలిగించాడట. ఇది నేను రాకముందు సంగతి.

ఆయన పాలకూర పప్పులో చింతపండుకు బదులు ఎండు నిమ్మకాయ వేసేవాడు. ఇక్కడి అరబ్బుల ఇళ్ళలో వేసే నల్లటి నిమ్మకాయ. మొదట చేదనిపించేది, తర్వాత అదే కావాలనిపించేది. గిన్నెలు కడిగే సెక్షన్‌లో కరీంనగర్ వైపు తమ్ముడొకడు ఉండేవాడు. ఇప్పటికీ ఉన్నాడు. నన్ను పెద్దక్కా అంటాడు.

"గీ పప్పు తింటే మా అవ్వ యాదికొస్తది చాచా" అన్నాడొకరోజు.

"అయితే ఇంకో గరిటె ఏసుకో. మీ అవ్వ పంపిందనుకో."

"మా అవ్వ గింత చేదు పప్పు వండది తియ్."

"దుబాయొచ్చినాక మీ అవ్వకు గూడా చెయ్యి మారిందనుకో!"

అలా సాగుతుండగా హోటల్‌కి కొత్త మేనేజరు, ఇక్కడి మాటలో ముదీర్, వచ్చాడు. వచ్చిన కొన్నాళ్ళకే అందరినీ పిలిచి మెస్సు తీసేస్తానన్నాడు. భోజనానికి బదులు నెలనెలా చేతికి ఫుడ్ అలవెన్సు. ఇష్టమున్నవాళ్ళు చేతులెత్తమన్నాడు. మెస్సులో ఎన్ని చేతులున్నాయో అన్నీ లేచాయి. నా చేయి కూడా లేచింది. మా చిన్నోళ్ళిద్దరూ కడపలో హాస్టల్లో ఉన్నారు, ఇంటి మీద కప్పు సగమే ఉంది. నా భోజనం ఊళ్ళో కప్పు అవుతుందంటే ఎందుకు ఎత్తను? అందరి లెక్కా అలాంటిదే.

చాచా ఒక్కడే ఎత్తలేదు.

"ఏందే చాచా, పొయ్యి ఆరుతదని బుగులా?" అన్నాడు తమ్ముడు. అందరూ నవ్వారు.

"నన్ను ఆ పక్క కిచెన్లో ఏస్తార్లే. నా పొయ్యికేం గాదు" అన్నాడు చాచా. నవ్వులు ఆగేదాకా ఆగి, "డబ్బులైతే ఊరికి పంపేస్తారు. అన్నాన్ని ఊరికి పంపలేరు గదా. అందుకని అన్నమే అడగండిరా" అన్నాడు.

ముదీర్‌కి తెలుగు రాదు. అయిపోయిందన్నట్టు చేయి ఊపి, ఖలాస్ అన్నాడు.

మెస్సుకు తాళం పడింది. చాచాను గెస్టుల కిచెన్‌లో కూరల పొయ్యి దగ్గర వేశారు. వంటవాళ్ళకు మాత్రం మనిషికో ప్లేటు డ్యూటీ భోజనం ఉంచారు. ఆ కిచెన్‌లోంచి ఇంకెవరికి ఒక్క ముద్ద పెట్టినా వీసా కాన్సిలని గోడ మీద కాగితం అంటించారు.

ఆయన అన్నట్టే అయింది. అలవెన్సు వచ్చిన పూటే డ్రాఫ్టు తీసి పంపేసేదాన్ని. పొద్దున పాలు లేని సులేమానీ టీ, మధ్యాహ్నం ఒక ఖుబ్జ్ రొట్టె, రాత్రి ఉంటే అదే. తమ్ముడు రొట్టె మీద ఉల్లిగడ్డ పెట్టుకుని, అదే బిర్యానీ అనేవాడు. ఎవరి సంగతి వాళ్ళు దాచుకునేవాళ్ళం. చాచా మాత్రం సరుకుల గదికి వెళ్తూ లినెన్ రూమ్ కిటికీ దగ్గర ఆగేవాడు.

"ఏం తిన్నావు పెద్దమ్మే?"

"తిన్న్యా చాచా."

"ఏం తిన్నావంటే తిన్న్యా అంటావేంది?"

నేను మాట మార్చేదాన్ని. ఆయన నా చేతుల వైపు చూసి వెళ్ళిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం ఇస్త్రీ మిషన్ దగ్గర కళ్ళు చీకట్లు కమ్మి, మురికి దుప్పట్ల మూట మీద కూలబడ్డాను. ఎవరో నీళ్ళిచ్చారు. కాసేపటికి లేచి మళ్ళీ పని చేసుకున్నాను. ఎవరు చెప్పారో, మర్నాడు చాచా కిచెన్ వెనక తలుపు తీసి పిలిచాడు.

"పెద్దమ్మే, ఒక్క నిమిషం రా. కూరలో ఉప్పు చూడాల."

"నేనా? నువ్వుండగా నేనెందుకు చాచా?"

"నేను ఒక్కపొద్దుండా గదా."

రంజాను వెళ్ళి చాలా రోజులైంది. గురువారమేమో, ఇష్టంకొద్దీ ఉండే నఫిల్ ఒక్కపొద్దు అనుకున్నాను. గరిటె నిండా కూర తీసి చిన్న పళ్ళెంలో పోశాడు. పక్కనే అన్నం పెట్టాడు.

"అన్నమెందుకు?"

"ఉత్త కూరలో ఉప్పు తెలీదు. అన్నంతో చూడాల."

చూశాను. సరిపోయిందన్నాను. "బాగా చూసినావా? అడుగున ఇంకోరకంగా ఉంటాది" అని మళ్ళీ వేశాడు.

తర్వాత రోజు తమ్ముడి వంతు. ఆ తర్వాత రూమ్ బాయ్ ఒకడు. మళ్ళీ నేను. సోమవారం, గురువారం ఒక్కపొద్దులంటే నాకు తెలుసు. మంగళవారం కూడా ఉప్పు చూడమంటే అడిగాను. వయసులో లారీ మీద తిరిగేటప్పుడు వదిలేసినవి బాకీ ఉన్నాయని, అవి తీర్చుకుంటున్నానని చెప్పాడు. తమ్ముడు అన్నం కలుపుకుంటూ, "ఎన్నున్నయే చాచా? పుట్టినకాడికెళ్ళి ఒక్కటి సుత ఉండలేదా ఏంది?" అన్నాడు.

"గమ్మున ఉప్పు చూడరా. నీతో లెక్క చెప్పించుకునేటందుకు పిలవలా."

నాకు ఇంకో అనుమానం ఉంది. ఒకరోజు ఆగలేక అడిగేశాను. "నాలిక్కి తాకించి ఊసేస్తే ఒక్కపొద్దు పోదని మా జేజి చెప్తాండె చాచా. వంట చేసేటోళ్ళకు ఆ వీలుందంట గదా?"

ఆయన పొయ్యి మంట తగ్గించి నా వైపు తిరిగాడు. "మీ జేజి నాలిక మాట వింటాదేమో. నాది వినదు. మింగేస్తాది" అన్నాడు. అంతే.

ఏదో ఒకరోజు ముదీర్ చూస్తాడని అందరికీ తెలుసు. చూశాడు. నేను వెనక తలుపు దగ్గర పీట మీద కూర్చుని ఉన్నాను. నా ఒళ్ళో పళ్ళెం ఉంది. ఆయన గోడ మీది కాగితం చూశాడు, నన్ను చూశాడు, చాచాను చూశాడు. నా చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయింది. చాచా వీసా కాన్సిలైతే ఊరికి పంపేస్తారు, ఆ వయసులో మళ్ళీ రాలేడు. నెల్లూరులో ఆయన మీద ఎంతమంది ఆధారపడ్డారో నాకు తెలుసు.

చాచా గరిటె కింద పెట్టాడు. "సాబ్, మేరా రోజా హై. నమక్ కౌన్ దేఖేగా?" తాను ఒక్కపొద్దుంటే ఉప్పు ఎవరు చూస్తారని అడిగాడు.

ముదీర్ పళ్ళెం వైపు వేలు చూపించాడు. "ఔర్ యే?"

"యే మేరా ప్లేట్ హై సాబ్. మేరా డ్యూటీ ఖానా."

అప్పుడు నాకు పూర్తిగా తెలిసింది. అన్ని రోజులూ మేము ఉప్పు చూసింది గెస్టుల కూరలోంచి కాదు. వంటవాడిగా ఆయనకు రావలసిన ప్లేటు, ఆయన జీతం, రోజుకొకరం పంచుకు తిన్నాం. అందుకే ఆయన భయం లేకుండా చెప్పగలిగాడు.

ముదీర్ కూడా నమాజు చదివే మనిషే. మా జేజి చెప్పిన మాట ఆయనకూ తెలియకుండా ఉండదు. చాలాసేపు చాచా ముఖం చూశాడు. చివరికి ఒక వేలు చూపించి, "ఏక్ చమ్చా. ఖలాస్" అని వెళ్ళిపోయాడు. ఒక్క స్పూను అనుమతి అన్నమాట.

చాచా పెద్ద గరిటె తీశాడు. "ఇదిగో ఆయన చెప్పిన చమ్చా. తినమ్మే, చల్లారిపోతాది."

సాయంత్రం మగ్రిబ్ అజాన్ వినబడగానే వెనక మెట్ల మీద ఖర్జూరంతో ఒక్కపొద్దు విడిచేవాడు. ఆ తర్వాత ఏం తినేవాడో మాలో ఎవరూ చూడలేదు. ఆ రోజుల్లో నేను దువాలో నా నలుగురి పేర్లూ చెప్పి, ఐదోదిగా చాచా అని చెప్పుకునేదాన్ని. అసలు పేరు అడిగి తెలుసుకోవాలని అనిపించలేదు. పైవాడికి తెలియదా!

అలా ఎంతకాలం గడిచిందో సరిగ్గా చెప్పలేను. రెండు రంజాన్లు మధ్యలో వెళ్ళాయి. ఆ ముదీర్ మారిపోయి ఇంకొకాయన వచ్చాడు. వచ్చినాయన అలవెన్సు తీసేసి మళ్ళీ మెస్సు తెరిపించాడు. నిజం చెప్పాలంటే ఎవరికీ సంతోషం కాలేదు, ఊరికి పంపేది తగ్గింది కదా. సణుక్కుంటూనే వెళ్ళి బల్లల దగ్గర కూర్చున్నాం. చాచా తువ్వాలుతో బల్లలన్నీ తుడిచి ఉంచాడు. అది గురువారం.

పప్పు దించాడు. అరచేతిలో రెండు చుక్కలు వేసుకున్నాడు. నాలుకతో తీసుకుని, కళ్ళు మూసుకుని, ఇంకొంచెం ఉప్పు వేశాడు.

తమ్ముడు, నేను ఒకరినొకరు చూసుకున్నాం. వాడే అడిగాడు, ఈసారి నవ్వకుండా. "చాచా, బాకీ ఒక్కపొద్దులన్ని తీరినయా?"

"తీరిపోయినాయిలే" అన్నాడు చాచా. "పళ్ళేలు పట్టండి."

కొన్నేళ్ళకు ఖోర్ ఫక్కాన్‌లో పోర్టు పనివాళ్ళ మెస్సుకు వంటమనిషి కావాలంటే అటు వెళ్ళాడు. అక్కడివాళ్ళు నిలబడే తింటున్నారట, ఎవరో చెప్పారని వెళ్ళాడు. ఆ తర్వాత ఒకేసారి చూశాను. డేరా వచ్చి, మెస్సు బల్ల మీద చేయి వేసి చూసుకుని, టీ తాగి వెళ్ళాడు. మా కప్పు పూర్తయిందని చెబితే, "నువ్వు తింటుండావా?" అని అడిగాడు.

ఆయన నోటితో చెప్పిన కారణం ఒకటి, మనసులో పెట్టుకున్న నియ్యత్ ఒకటి. నియ్యత్ చూసేవాడు ఆ ఒక్కపొద్దులను ఏ వరసలో రాసుకున్నాడో నాకు తెలియదు. రాసుకుని ఉంటాడని నమ్ముతున్నాను.

నిన్న గురువారం ఆయన పేరు మీద ఒక్కపొద్దున్నాను. మా క్వార్టర్స్ వెనక పొయ్యి మీద పాలకూర పప్పు వండి, ఎండు నిమ్మకాయ వేశాను. తమ్ముడు డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చోమన్నాను. కూర్చున్నాడు.

"ఉప్పు చూడు తమ్ముడూ."

గరిటె నిండా తీసి, అన్నం మీద పోసి ఇచ్చాను. పళ్ళెంలోంచి ఆవిరి లేస్తోంది. వాడు తల వంచుకుని, ఊదుకుంటూ, చివరి మెతుకు దాకా తిన్నాడు. ఉప్పు సంగతి చెప్పనేలేదు.