మెడ తెల్లగా ఉన్న సిలిండర్

మా బావగారి ప్రాణం కాపాడింది నేనే. జోరువానలో ఏలూరు నుంచి దెందులూరు దాకా ఆక్సిజన్ సిలిండర్ భుజాన మోసుకొచ్చాను. ఈ మాట చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ వాన కాస్త పెరిగింది.

నిజానికి పడ్డవి చినుకులే. మోసింది ట్రాలీ ఆటో.

తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు నడిపినన్నాళ్లూ పీల్చిన ఊక దుమ్ము బావగారి ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. ఇప్పుడాయన దెందులూరు ఇంట్లో ముక్కుకి గొట్టం పెట్టుకుని, గాలిలోంచి ఆక్సిజన్ తీసే యంత్రం పక్కనే కూర్చుంటారు. ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. అవసరానికని ఉంచిన చిన్న సిలిండర్ తగిలించారు గానీ, దాని మీటరు ముల్లు ఎర్ర గీత వైపు దిగిపోతోంది. అక్క ఏలూరు షాపుకి ఫోన్ చేస్తే, సిలిండర్లున్నాయి, తేవడానికి బండి లేదన్నారు.

సరిగ్గా అప్పుడే నా ఆటో వాళ్ల గుమ్మంలో ఆగింది. కొల్లేరు పక్కన నాకు చేపల చెరువులున్నాయి. చేప పిల్లల్ని పాలిథిన్ సంచుల్లో నీళ్లు పోసి, పైన ఆక్సిజన్ పట్టి, మూతి బిగించి పంపుతాం. దానికోసం నింపించుకున్న నిలువెత్తు నల్ల సిలిండర్ ఆటోలో ఉంది. బావగారు కిటికీలోంచి చూడనే చూశారు.

"ఒరేయ్, గుమ్మంలో అంత ఆక్సిజన్ పెట్టుకుని నన్నెందుకురా ఏడిపిస్తావు? తగిలించు."

"అది వెల్డింగు వాళ్లు వాడే రకమండీ బావగారూ. ఆసుపత్రిదైతే మెడ తెల్లగా ఉంటుంది."

"ఆక్సిజన్లో మళ్లీ నలుపూ తెలుపూ ఏంట్రా?"

నాకు తెలిసిందంతా ఏకరువు పెట్టాను. రెండూ ఒకే గాలిలోంచి తీసినవే, స్వచ్ఛతలోనూ పెద్ద తేడా ఉండకపోవచ్చు. కానీ ఆసుపత్రి సిలిండర్‌ని ముందు పూర్తిగా ఖాళీ చేసి నింపుతారు, మనిషికి పడనిదేదీ లేదని పరీక్షించి చీటీ కడతారు. నల్లదానికి ఆ పూచీ లేదు. అంతకుముందు ఎక్కడ పడి ఉందో, లోపల ఏ మురికి, ఏ వాసన చేరిందో ఎవరికి తెలుసు?

"చేప పిల్లలు దాంతోనే కైకలూరు దాకా హాయిగా వెళ్తున్నాయి కదరా!"

అక్కకి ఒళ్లు మండింది. "ఏవండీ, సంచి విప్పగానే నాలుగు పిల్లలు తేలుతూనే ఉంటాయి. వీడు వాటిని గట్టున పారేసి, మిగతావి చెరువులో వదులుతాడు. మిమ్మల్నీ ఆ నాలుగింట్లో వేసుకోమంటారా?"

బావగారు కిటికీలోంచి చూపు తిప్పుకున్నారు. నా పాఠమంతా ఒకెత్తు, ఆ ఒక్క మాట ఒకెత్తు.

"నువ్వింకా నిలబడ్డావేంట్రా? వెళ్లి తెల్లమెడది పట్రా!"

షాపువాళ్లతో పోట్లాడి తెచ్చానని కూడా చెబుతుంటాను. అదీ అబద్ధమే. పాపం, వాళ్లే ఆటోలోకి ఎక్కించారు. డ్రైవరు ఆటో తోలుతుంటే, నేను చేసిందల్లా అది దొర్లకుండా కావలించుకుని కూర్చోవడం. దారంతా ఆ ముల్లే కళ్లముందు కదిలింది. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

మేం వచ్చేసరికి ముల్లు ఎర్ర గీత దాటింది. బావగారు గోడకి ఆనుకుని, మాట లేకుండా చేత్తో సైగ చేశారు. అక్క గొట్టం మార్చింది. బుస్సుమని గ్యాసు వచ్చింది. కాసేపటికి పెదాలకి రంగు తిరిగింది. ఊపిరి చిక్కగానే ఆయన చేసిన మొదటి పని నన్ను తప్పుపట్టడం.

"ఎంత పీల్చినా ఏ వాసనా లేదేంట్రా? దీనికోసమా ఏలూరు పరిగెత్తావు?"

"వాసన లేకపోవడం కోసమేనండీ."