ఓడలోంచి వచ్చిన గంట

విజయవాడలో ఎమ్మే హిస్టరీ చదివే రోజులు. పామర్రు దగ్గర మా ఊరి చర్చి గంట మునిగిపోయిన ఓడలోంచి తీసిందని సెమినార్‌లో ధీమాగా చెప్పాను.

"ఆధారం ఏంటమ్మా?" అన్నారు సెమినార్‌కి వచ్చిన మా కాలేజీ లైబ్రేరియన్ గారు.

"నాలుగు వెబ్‌సైట్లలో ఉందండీ!"

"మొదట రాసిందెవరో చూద్దాం," అంటూ ఆయన ఒక్కొక్కటే తెర మీద తెరిచారు. అన్నీ ఒకదాన్ని చూసి ఒకటి కాపీ కొట్టినవే. చివరికి నెట్‌లో పెట్టిన మా స్కూల్ మ్యాగజైన్‌లోని వ్యాసం దగ్గర తేలాం. కింద నా పేరు, ఎనిమిదో తరగతి, బి సెక్షన్!

బహుమతి కోసం ఆ ఓడను పుట్టించింది నేనే. అందరికీ చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను. క్లాసంతా ఘొల్లుమంది. తలెత్తలేకపోయాను.

ఇప్పుడు నేను లెక్చరర్ని. "చాలా చోట్ల ఉంది మేడమ్" అంటే ఒప్పుకోను, మొదటిది వెతికి తెమ్మంటాను. అది రాసింది ఏ ఎనిమిదో తరగతి పిల్లో ఎవరికి తెలుసు?