పీత దవడల కింద

నేను భయస్తుణ్ణి. ఈ మాట ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు, మా వీధి అంతా నాకంటే ముందే ఒప్పుకుంది. గుడివాడలో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డులో ఫిట్టరుగా చేరిన రోజుల్లో, జాకీ మీదున్న బండి కిందికి దూరేముందు దాని చుట్టూ తిరిగి నాలుగు వైపులా చూసుకునేవాణ్ణి. మా అక్క భర్త అదే షెడ్డులో డ్రైవరు. నేనలా తిరుగుతుంటే, "ప్రదక్షిణాలు అయ్యాయా బావమరిదీ, హారతి పళ్లెం తెమ్మంటావా?" అనేవాడు. దేవుడు బావకి భయమన్నది పెట్టలేదు. ఆయన వాటా కూడా నాకే వచ్చింది.

ఉప్పెన వచ్చి వెళ్లిన మరుసటి ఏడు. దివిసీమలో మురుగు కాలవల నిండా కూలిన చెట్లు ఇంకా అలాగే పడి ఉన్నాయి. వాటిని తీసే పని మా షెడ్డు యజమాని ఒప్పుకున్నాడు. అందుకని మద్రాసు నుంచి ఒక పాత యంత్రం తెప్పించాడు. దానికి ముందు మట్టి ఎత్తే తొట్టి, వెనక మట్టి తవ్వే పొడుగాటి ఇనప చెయ్యి ఉన్నాయి. ఆ చేతి చివరి బకెట్టు ఊడదీసి, విశాఖపట్నంలో పాత ఇనుములో దొరికిన దుంగలు పట్టే దవడలు బిగించాలి. ఆ జంట దవడల్ని చూసి షెడ్డులో అందరూ దాన్ని పీత అనడం మొదలుపెట్టారు. బిగించే పని నాది, నడిపే పని బావది.

పీతని బిగించే రంధ్రాలు పెద్దవి, ఇనప చేతికున్న పిన్నులు సన్నవి. బందరు వెళ్లి లేతు మీద ఆ సందు పూడ్చే బుష్షులు తిప్పించుకొచ్చి సరిచేశాను. బకెట్టుని ఆడించే సిలిండరుకి వెళ్లే రెండు ఆయిలు పైపుల్నీ పీత సిలిండరుకి కలిపాను. మొదటిసారి తారుమారు కలిపినట్టున్నాను, లివరు వెనక్కి లాగితే మూసుకోవలసిన దవడలు తెరుచుకున్నాయి. విప్పి, మార్చి కలిపాను. బావ షెడ్డు ముందున్న తాడి దుంగని పట్టి పైకెత్తాడు. చక్కగా లేచింది. దుంగని గాల్లోనే ఉంచి, డీజిలు దండగని ఇంజను కట్టేసి అందరూ టీ తాగడానికి వెళ్లారు.

నేను టీ గ్లాసు పట్టుకుని దుంగ వైపే చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి అది కొంచెం జారింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇంకాస్త జారింది. నిద్రపట్టిన మనిషి పిడికిలి వదులైనట్టు దవడలు వాటంతట అవే విచ్చుకుంటున్నాయి. నా గ్లాసు ఖాళీ అయ్యేలోపే దుంగ దబ్బున నేల మీద పడింది. ఆ రాత్రి నేను అన్నం సరిగ్గా తినలేదు.

సంగతేమిటంటే, ఇంజను తిరుగుతూ లివరు లాగిపట్టి ఉన్నంతసేపే ఆయిలు ఒత్తిడికి దవడలు బిగిసి ఉంటాయి. ఇంజను ఆగితే ఆయిలు మెల్లగా వెనక్కి జారుకుంటుంది. అలా జారకుండా ఆపే వాల్వు ఒకటి ఉండాలి. మా పీతకి అది లేదు, మా దగ్గరికి వచ్చేసరికే ఎవరో ఊడబీకేశారు. మద్రాసు నుంచి తెప్పించేదాకా ఆగుదామన్నాను. వానలు పడేలోపు కాలవలు తెరవకపోతే పొలాలు మళ్లీ మునుగుతాయి, ఆగడం కుదరదన్నాడు యజమాని. అదీ నిజమే. ఇక చేసేదేముంది, దుంగ దవడల్లో ఉండగా ఇంజను ఆపనని అక్క ముందే బావ చేత ఒట్టు వేయించాను.

బయల్దేరే ముందు అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఒరేయ్, ఆయనకి భయం తెలీదు. ఆయన పడాల్సింది కూడా నువ్వే పడు. మనిషిని మళ్లీ తెచ్చి నాకు అప్పజెప్పు," అంది. నవ్వుతూ అనలేదు.

మోపిదేవి దాటుతుంటే పుట్టలో పాలు పోస్తానని స్వామికి మొక్కుకున్నాను. బావ చూశాడు. "ఆ పాలేవో నువ్వే తాగరా, కాస్త ఒళ్లన్నా చేస్తావు," అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

అవనిగడ్డ దాటాక తలలు తెగిన కొబ్బరిచెట్లు, ఉప్పు తేలి తెల్లబారిన చేలు. ఆ ఏడాది అక్కడ ఏ దుంగ కదిపినా చుట్టూ ఉన్న జనం మాటలు ఆపేసేవారు. కింద పాము ఉండొచ్చు, గేదె ఎముకలు ఉండొచ్చు. మూడో సంగతి ఎవరూ పైకి అనేవారు కాదు. మేం పని మొదలుపెట్టిన దగ్గర్నుంచీ నడివయసు మనిషి ఒకాయన రోజూ వచ్చి గట్టు మీద నిలబడేవాడు. ప్రతి దుంగా లేచేదాకా చూసి, కింద ఏమీ లేకపోతే తర్వాతి దుంగ దగ్గరికి నడిచేవాడు. ఆయన కూతురు దొరకలేదని ఊళ్లోవాళ్లు చెప్పారు.

ఒకరోజు పొద్దున బావ కాలవకి అడ్డంగా పడ్డ పెద్ద నిద్రగన్నేరు మానుని పట్టి ఎత్తాడు. అది మనిషెత్తు దాటి లేచింది. కింద బురద ఎండి గట్టిపడి ఉంది. అందులో సన్నగా మెరుస్తూ ఒక వెండి పట్టీ కనిపించింది. గట్టు మీది మనిషి జారుకుంటూ కాలవలోకి దిగి, దాని ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆయన ఏడవలేదు. తలెత్తి, "ఆ చప్పుడు ఆపండయ్యా," అన్నాడు.

మా డ్రైవర్లకి ఒక పద్ధతి ఉంది. దారిలో శవం ఎదురొస్తే బండి పక్కకి తీసి, ఇంజను కట్టేసి, చెప్పులు వదిలి దిగి నిలబడతారు. ఆలోచించి చేసేది కాదు, చేతులు అలా అలవాటుపడిపోయాయి. బావ ఇంజను కట్టేశాడు. చెప్పులు వదిలి దిగాడు. నేను నోరు తెరిచేలోపే కాలవలోకి వెళ్లి ఆ మనిషి పక్కన కూర్చున్నాడు. మాను వాళ్లిద్దరి నెత్తిమీదే ఉంది.

అంత నిశ్శబ్దంలో పైన బెరడు చిట్లిన చప్పుడు నాకొక్కడికే వినపడిందేమో. "బావా, పైన," అని అరవబోయాను. నాలుక పిడచగట్టి గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఎలా ఎక్కానో తెలీదు, సీట్లో కూర్చుని సెల్ఫు కొట్టాను. ముక్కి ఊరుకుంది. మళ్లీ కొట్టాను, ఇంజను అందుకుంది. లివరు మీద చెయ్యి వేశాక బుర్ర పనిచెయ్యడం మానేసింది. వెనక్కి లాగితే మూసుకుంటాయా, తెరుచుకుంటాయా? పైపులు మార్చి కలిపింది నేనే. రోజూ బావ వెనక్కి లాగడం చూస్తున్నదీ నేనే. అయినా ఆ క్షణంలో నాకు నా పని మీదే నమ్మకం పోయింది. తప్పయితే ఇద్దర్నీ నా చేత్తో నేనే చంపినట్టు. కళ్లు మూసుకుని వెనక్కి లాగాను.

దవడలు కరకరమంటూ బెరడులోకి దిగాయి.

గట్టు మీది జనం నా మీద విరుచుకుపడ్డారు. "ఆపమంటుంటే మొదలెట్టావేంట్రా, మనిషివేనా నువ్వు," అని ఎవరో మట్టిబెడ్డ విసిరారు. అది వచ్చి వీపుకి తగిలింది. నేను లివరు వదల్లేదు. చప్పుడికి బావ తలెత్తి చూశాడు. మానునీ, నన్నూ చూశాడు. మొహంలో రక్తం లేదు. బావ భయపడటం నేను చూసింది అప్పుడే.

బావ ఆ మనిషి రెక్క పట్టుకుని లేపబోయాడు. ఆయన కదల్లేదు, రెండు చేతులతో బురద పెళ్లలు తీస్తున్నాడు. బావ బయటికి వచ్చేస్తాడనుకున్నాను. రాలేదు. భుజం మీది తువ్వాలు తీసి నేల మీద పరిచి, తనూ పెళ్లలు తీయడం మొదలుపెట్టాడు. అక్క మాట గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది. ఆయన్ని పచ్చి బూతులు తిట్టాను. ఇంజను మోతలో ఎవరికీ వినపడలేదు. వాళ్లు అక్కడ ఎంతసేపున్నారో నాకు తెలీదు, లివరు పట్టుకున్న చెయ్యి మాత్రం మొద్దుబారిపోయింది.

చివరికి ఆ మనిషి దొరికినవన్నీ తువ్వాల్లో మూటగట్టి పట్టుకుని లేచాడు. ఆయన గట్టెక్కాక బావ నా పక్కకి వచ్చి, "ఇంక వదులు, నేను దింపుతాను," అన్నాడు. వదులుదామంటే వేళ్లు రాలేదు. ఆయన నా చెయ్యి మీద తన చెయ్యి వేసి అలాగే పట్టుకుని, రెండో చేత్తో మానుని పక్కకి తిప్పి గట్టు మీద దింపాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఆ మనిషి మూటతో యంత్రం దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకుని తల వంచుకున్నాను. ఆయన ఇంజను మోతలో వినపడేలా కాస్త గొంతు పెంచాడు.

"ఏమీ అనుకోకండి బాబూ. మా పిల్లకి మోటారు చప్పుడంటే భయమండి. బియ్యం మిల్లు పక్కనుంచి వెళ్తుంటే నా చొక్కా పట్టుకునేది. అందుకని ఆపమన్నాను."

నేనే చెయ్యి చాచి ఇంజను కట్టేశాను.