నిమిషంలో తలుపు

ఫైర్ స్టేషన్లో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆయన నిమిషంగారు. నుజ్జయిన కారు తలుపును హైడ్రాలిక్ స్ప్రెడర్‌తో నిమిషంలో ఊడబెరికే మొనగాడని ఆ బిరుదు. స్ప్రెడర్ అంటే మరేం లేదు, పంపు నుంచి నూనె ఒత్తిడి వచ్చేకొద్దీ తెరుచుకునే రెండు ఉక్కు దవడలు. కాస్త సందు దొరికితే చాలు, ఎంతటి తలుపునైనా పెకలిస్తాయి. ఆ సందు దొరకడమే కష్టం. ఆ కష్టం నిమిషంగారికి ఎప్పుడూ ఎదురుకాలేదు. ఎందుకో వెల్డింగ్ అతనికి తెలుసు.

పెద్దాఫీసర్లు తనిఖీకి వచ్చినప్పుడల్లా ఆవరణలో ఒక తుక్కు కారును నిలబెట్టేవారు. దాని తలుపుకు కీళ్లు లేవు, గడియ లేదు. ముందురోజు వెల్డింగ్ అతను వచ్చి రెండంటే రెండు చుక్కలు అతికించి పోయేవాడు. గట్టిగా తుమ్మితే ఊడిపోయే ఆ తలుపు ముందు నిమిషంగారు హెల్మెట్ సర్దుకుని, కాళ్లు ఎడంగా పెట్టి, యుద్ధానికి బయల్దేరినట్టు మొహం పెట్టేవాడు. ఫట్‌మని తలుపు పడేది. ఆఫీసర్లు వాచీలు చూసుకుని చప్పట్లు కొట్టేవారు. మొదట్లో ఆయనకు కాస్త సిగ్గేసేది. చప్పట్లకు అలవాటు పడ్డాక ఆ రెండు చుక్కల సంగతి ఆయనే మరిచిపోయాడు. నిజం ప్రమాదాలు జరిగితే మాత్రం, "ఇంత చిన్న పనికి నేనెందుకు" అని జట్టువాళ్లకు వదిలేసి, గుమిగూడిన జనాన్ని అదిలించే భారం మోసేవాడు.

ఆయన ప్రదర్శనలకు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేది ఆయన బావమరిది. ముందు వరసలో కూర్చుని, "మా బావ!" అంటూ పక్కవాళ్లను మోచేత్తో పొడిచేవాడు.

ఒక మధ్యాహ్నం ఆ బావమరిది కారే వెళ్లి ఆగివున్న లారీ వెనక దూరింది. జట్టు చేరేసరికి అతని కుడికాలు డాష్‌బోర్డు కింద ఇరుక్కుని నీలం తిరుగుతోంది. తలుపు తీస్తేనే కాలు అందేది. ఆలస్యమైతే కాలు దక్కదని అంబులెన్స్ డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది.

"మా బావొచ్చాడుగా! డాక్టరమ్మా, ఒక్క నిమిషం ఆగండి," అన్నాడు బావమరిది, పళ్లు బిగబట్టి.

ఇక తప్పించుకునే దారి లేదు. నిమిషంగారు కాళ్లు ఎడంగా పెట్టాడు. దవడల కొనలు ఎప్పుడూ పెట్టే చోటే పెట్టి మీట నొక్కాడు. రేకు చిరిగింది, కొనలు జారి బయటికొచ్చాయి. తలుపు అంగుళం కదల్లేదు. మళ్లీ అక్కడే పెట్టాడు, మళ్లీ రేకే చిరిగింది. పాపం, ఆయన కళ్లు వెల్డింగ్ చుక్క కోసం వెతుకుతున్నాయి.

"ఏంటి బావా?"

"ఉండు."

"నిమిషం అయిపోయినట్టుంది బావా."

"నోరు మూసుకోరా!"

కాసేపటికి బావమరిది నిజంగానే నోరు మూసుకున్నాడు. నొప్పికి తల వాల్చేశాడు. అది చూసి నిమిషంగారు జట్టు వైపు తిరిగి స్ప్రెడర్ చాచాడు.

"నాకు రాదురా. మీరే పట్టండి. నేనేం చెయ్యాలో చెప్పండి."

"ఆ గునపం పట్టుకోండి సార్. గడియ పక్కన ముందు సందు చెయ్యాలి," అన్నాడు ఫైరింజను డ్రైవరు.

ఆయన గునపం దూర్చి ఒళ్లంతా వేసి నొక్కాడు. సందు ఏర్పడింది. డ్రైవరు దవడలు పెట్టి కొంచెం తెరిచి, ఆపి, లోపలికి జరిపి, మళ్లీ తెరిచాడు. చాలాసేపు పట్టింది. తలుపు వచ్చింది, ఆ తర్వాత కాలూ వచ్చింది. కాలు దక్కింది గానీ చేతికర్ర తప్పలేదు.

తర్వాతి తనిఖీకి బావమరిది కారునే ఆవరణలో పెట్టారు. దాని రెండో వైపు తలుపు కీళ్లతో, గడియతో భేషుగ్గా ఉంది. ఎప్పటిలాగే మిషను మోసుకుని వచ్చిన వెల్డింగ్ అతన్ని నిమిషంగారు గేటు దగ్గరే ఆపి, "ఈసారి నీతో పని లేదు," అని పంపేశాడు.

అప్పటికి ఆయన జట్టు దగ్గర పని నేర్చుకున్నాడు. గునపంతో మొదలుపెట్టాడు. పెద్దాఫీసరు వాచీ చూశాడు, ఆవలించాడు, మళ్లీ చూశాడు. "ఈయన మునుపటిలా లేడయ్యా, పనితనం బాగా తగ్గింది," అని పక్కవాడితో అని టీకి వెళ్లాడు. ఆయన వెనకే మిగతావాళ్లూ లేచారు. తలుపు ఊడి పడేసరికి ముందు వరసలో బావమరిది ఒక్కడే ఉన్నాడు.

నిమిషంగారు హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుని అటు చూశాడు.

బావమరిది చప్పట్లు కొట్టలేదు. కర్ర ఊతంగా లేచి, తలుపు దగ్గరికొచ్చి, విరిగిన గడియను వేలితో తడిమి చూశాడు.

"ఇదైతే నిజం తలుపే బావా," అన్నాడు. "మరి నేను అన్నాళ్లూ చప్పట్లు కొట్టింది దేనికి?"