మాచవరం జారు

ఉషకు భయం పుట్టుకతో వచ్చింది. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్లి, వేశానో లేదోనని వెనక్కి వస్తుంది. నరసరావుపేటలో మా కాలేజీలోనే తెలుగు చెబుతుంది. అలాంటి మనిషి సన్నాయి సంగీతం మీద పరిశోధనకు దిగి ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగిందంటే నాకిప్పటికీ నమ్మబుద్ధి కాదు. పరిశోధన పత్రికలో ఒక్క వ్యాసమైనా అచ్చయితే తప్ప యూనివర్సిటీ వాళ్లు థీసిస్ తీసుకోరు. గడువు ఈ నెలాఖరు. ఒకసారి పొడిగించారు, ఇక పొడిగించరు.

ఆ ఒక్క వ్యాసం మాచవరం అబ్దుల్ గఫార్ గారి సన్నాయి గురించి. కల్యాణి రాగంలో ఆయన పై షడ్జం, అంటే పై ‘స’ మీద నిలవరు. అందుకోగానే మెత్తగా కిందికి జారతారు. ఇంకెవరూ అలా వాయించరు. ఉష దానికి ‘మాచవరం జారు’ అని పేరు పెట్టి, ఇదొక ప్రత్యేకమైన బాణీ అని పేజీలకు పేజీలు రాసింది. చదివిన పండితులు మెచ్చుకున్నారు. సోమవారం అచ్చుకు వెళుతోంది, కళాకారుడి ఫొటో పంపమని సంపాదకురాలు అడిగితే, ఆదివారం నన్ను తోడు తీసుకుని మాచవరం బస్సెక్కింది. దారి పొడవునా అచ్చుతప్పుల గురించి దిగులు పడుతూనే ఉంది.

ఫొటో కోసమని గఫార్ గారు కల్యాణి ఎత్తుకున్నారు. స్వరం పైకి వెళ్లింది. అక్కడే నిలబడిపోయింది, ఇసుమంత కూడా జారలేదు. ఉష మొహంలో నెత్తురు చుక్క లేదు.

“తాతా, మునుపు అక్కడ జారేవారు గదా?”

“అదా. అప్పుడు ముందరి పళ్లు ఊడినయ్యమ్మా. పెదాలకు పట్టు దొరక్క గాలి చానా పోయేది. ఎంత బిగబట్టినా స్వరం నిలిచేది కాదు. మా అబ్బాయి ఐజాజ్ కొత్త పళ్లు కట్టించాడుగా, ఇప్పుడేం ఇబ్బంది లేదు.”

ఉష వచ్చి విన్న ఆ రోజుల్లో ఆయన వాయించనంతసేపూ మూతికి కండువా అడ్డం పెట్టుకునేవారట. ఉష అది వినయం అనుకుంది. ఒక్క ముక్క అడిగి ఉండకూడదా అని నాకు ఒళ్లు మండింది.

“అది మీ బాణీ అని రాశాను తాతా. రేపు అచ్చుకెళ్తోంది. ఆపితే నా పిహెచ్‌డీ పోద్ది. ఆపకపోతే అబద్ధమవుద్ది.”

గఫార్ గారు పక్కకు తిరిగి, పళ్ల సెట్టు తీసి స్టీలు గ్లాసులో వేశారు. పెదాలు లోపలికి పోయి, ఒక్కసారిగా ఎంతో ముసలివారైపోయారు.

“నువ్వు రాసిందే నిజం చేద్దాం తల్లీ. ఇకమీదట పెళ్లిళ్లలో కూడా ఇట్టానే వాయిస్తా. ఇంత కష్టపడ్డావు.”

సన్నాయి పెదాల దాకా ఎత్తారు. ఉష దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆపింది. ఏడుస్తోంది.

“వద్దు తాతా. పళ్లు పెట్టుకోండి.”

అక్కడే చాప మీద కూర్చుని సంపాదకురాలికి ఫోన్ చేసింది. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పింది. అవతల కారణం అడిగినట్టున్నారు.

“నేను సరిగ్గా వినలేదండీ,” అంది. పళ్ల మాట ఎత్తలేదు.