తలుపు మూయని ఇంట్లో ప్లాస్మా టీవీ

మా ఇంటికి గోడ టీవీ వచ్చిన రోజున వీధి వీధంతా మా గడప ముందు చేరింది. టీవీ చూడటానికి అనుకునేరు! కాదు, మా ఇంట్లో ఎవరో పోయారనుకుని పరామర్శకు వచ్చారు. అంత ఘనకార్యం చేసింది నేనే. ఇక్కడితో ఆపితే మీరు నన్ను తెలివితక్కువదాన్ని అనుకుంటారు కాబట్టి మొత్తం చెప్తాను. విన్నాక కూడా అలాగే అనుకుంటే మీ ఇష్టం. నేను మాత్రం ఇప్పటికీ నా టీవీ పక్షమే.

అప్పుడప్పుడే ఆ టీవీలు మన వైపు వస్తున్నాయి. మా అత్తగారి ఊరు బిజినేపల్లి దగ్గర. కాపురానికొచ్చి రెండేళ్లయినా ఆ ఇంట్లో నన్ను అడిగే సలహా ఒక్కటే, కూరలో ఉప్పు సరిపోయిందా అని. ఆ ఏడు వేరుశనగ బాగా పండింది. ఒకరోజు పొద్దున చాయ్ తాగుతూ మామయ్య అన్నారు: "ఈసారి కొత్త టీవీ తెద్దం. సుజాత సదువుకున్నది గద, ఏది మంచిదో ఆమెనే చూడనీ."

నా గుండె ఉప్పొంగింది. ఇది సరిగ్గా చేశానా, ఇక ప్రతిదానికీ నన్నే అడుగుతారు. తప్పానా, మళ్లీ ఉప్పు దగ్గరికే.

నా ఆడబిడ్డ భర్త శేఖరన్న వనపర్తిలో ఉంటాడు. అప్పటికే ఎల్‌సీడీ టీవీ కొని చుట్టాలందరికీ చెప్పుకున్న మనిషి.

"చెల్లె, కండ్లు మూసుకొని ఎల్‌సీడీ తీసుకో," అన్నాడు ఫోన్లో.

"కండ్లు మూసుకునేటోళ్లకు టీవీ ఎందుకన్నా?" అన్నాను.

మా ఆయనా నేనూ వనపర్తి షాపుకు వెళ్లాం. ఏసీ గది, నల్ల కర్టెన్లు, సినిమా హాలంత చీకటి. పక్కపక్కనే రెండు టీవీలు పెట్టారు. ప్లాస్మాలో నలుపు కాటుకలా ఉంది. ఎల్‌సీడీలో నలుపు ఎండకు వెలిసిన గొడుగులా ఉంది. ఇక ఆలోచించేదేముంది?

"మేడం, వెలుతురు ఎక్కువుండే ఇండ్లల్ల ప్లాస్మా అద్దం మెరుస్తది. గసుంటి ఇంటికి ఎల్‌సీడీనే మంచిగుంటది," అన్నాడు షాపాయన.

"వెలుతురుదేముంది, తలుపేసుకుంటే అయిపాయె!"

మా ఆయన నా చెవి దగ్గరికి వంగి, "మనింట్ల తలుపు..." అని ఏదో మొదలుపెట్టాడు.

"మీరు జర ఊకోండ్రి," అన్నాను. ఊకోవడం ఆయనకు పెళ్లికి ముందే వచ్చు.

ఇంట్లో ఖాళీగా ఉన్నది ఒక్కటే గోడ, సరిగ్గా వీధి తలుపుకు ఎదురుగా. దానికే టీవీ బిగించారు. మిట్టమధ్యాహ్నం స్విచ్ వేస్తే, బొమ్మకంటే ముందు మా వాకిలి కనబడింది. వాకిట్లో ఎండబెట్టిన మిరపకాయలు, పక్కన మా బర్రె, అవతల గల్లీ, అన్నీ ఆ అద్దంలోనే. నేను ఏమాత్రం జంకకుండా వెళ్లి వీధి తలుపు మూసి గడియ పెట్టాను.

అబ్బ, ఏం బొమ్మ! సీరియల్లో కోడలి కంటనీరు బొట్టు బొట్టూ లెక్కపెట్టొచ్చు. ఇంతలో తలుపు దబదబా మోగింది. బయట నుంచి పక్కింటామె మా అత్తమ్మను పిలుస్తోంది.

"పెద్దమ్మా! ఏమైందే? పెద్దాయన మంచిగున్నడా?"

"ఏం కాలే, టీవీ చూస్తున్నం!" అని లోపల్నుంచి అరిచాను.

"ఏడుపు ఇనొస్తుంది గద!"

"అది సీరియల్ల ఏడుపు!"

"అయ్యో, పిల్ల పరేషాన్ల ఏందేందో మాట్లాడుతుంది, తలుపు పగలగొట్టుండ్రి!"

మా ఊళ్లో పట్టపగలు వీధి తలుపు మూశారంటే లోపల చావైనా అయ్యుండాలి, కొట్లాటైనా అయ్యుండాలి. అది నాకు తెలియక కాదు. ఆ కాటుక నలుపు మైకంలో మరిచిపోయాను. నేను గడియ తీసేలోపే ఎవరో ఉప్పునుంతలలో ఉన్న మామయ్య చెల్లెలికి ఫోన్ చేసేశారు. ఆమె ఏడుస్తూ బస్సెక్కి వచ్చి, అన్నం తింటున్న మామయ్యను చూసి, "అన్నా, బతికే ఉన్నవా!" అని ఇంకా గట్టిగా ఏడ్చింది.

అత్తమ్మ ఆ సాయంత్రమే తీర్పు చెప్పేసింది. "ఇంకోసారి ఆ తలుపు మీద చెయ్యేసినవో చూడు! పగలైనా దీపాలు పెట్టే యాళ్లనైనా తలుపేస్తే లక్ష్మి యాడికెళ్లి వస్తది?"

"పోనీ కర్టెన్ కడదం అత్తమ్మా."

"లక్ష్మి కర్టెన్ ఎత్తుకొని వస్తదా?"

కర్టెన్ కోసం తీసిన పాత చీరను మడిచి మళ్లీ పెట్టెలో పెట్టేశాను.

ఆదివారం క్రికెట్ మ్యాచ్ వచ్చింది. ఊళ్లో సగం మంది మా నడింట్లోనే. శేఖరన్న పనిగట్టుకుని వనపర్తి నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. బౌలర్ పరుగెత్తుతుంటే వెనకాలే మా వాకిట్లో మేక పరుగెత్తింది. బ్యాట్స్‌మన్ గట్టిగా కొట్టాడు.

"అరె, బాల్ యాడికి పోయింది?"

"బర్రె కడుపులకు పోయింది!"

"చెల్లె, నీ టీవీల మ్యాచ్‌తోని మనూరు గూడ వస్తుంది గద!" అన్నాడు శేఖరన్న. అందరూ పడి పడి నవ్వారు.

"మీ ఎల్‌సీడీల వస్తదా అన్నా? రాదు గద!" అన్నాను తల ఎగరేసి. లోపల మాత్రం ఏడుపొచ్చింది. అందరి నవ్వూ భరించగలను, మామయ్య ఒక్కరూ నవ్వకుండా నా వైపు చూశారు, అదే భరించలేకపోయాను.

మరుసటి పంటకు ఫ్రిజ్ సంగతి వచ్చింది. ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. "సుజాతను గూడ షాపుకు తోలుకపోదం," అన్నారు మామయ్య. నా మాటకు ఇంకా విలువుందని నేను పొంగిపోతుండగానే ఆయన ముగించారు: "ఆమె ఏది వద్దంటే అది కొందం."

ఇల్లంతా గొల్లున నవ్వింది. నవ్వనీ అనుకున్నాను.

షాపులో నీలం రంగు ఫ్రిజ్ ఒకటి చూడగానే నా ప్రాణం దాని మీదికి పోయింది. ముఖం చిట్లించి, "ఛీ, ఇదేం రంగు! ఇదొద్దు మామా," అన్నాను. మామయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఇదే బండికి ఎక్కియ్యి," అన్నారు.

ఆ షాపు గుమ్మంలోనే నిలబడి మనసులో ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో ఇక నాకు నచ్చినదాన్ని నచ్చిందని ఎవరి ముందూ చెప్పను, నా మీదొట్టు. ఆ మాట మీదే ఉన్నాను. ఆ తర్వాత మా ఇంటికి వచ్చిన మిక్సీ, పందిరి మంచం, మోటార్ సైకిల్, అన్నీ నేను గట్టిగా వద్దన్నవే.